కంప్యూటర్ నిల్వ పరికరాల మన్నిక: పాతవి, కొత్తవి

సమాచారాన్ని దాచే పరికరం ఎన్నేళ్లు పనిచేస్తుంది, అందులో రాసినది ఎన్నేళ్లు చెదరకుండా ఉంటుంది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఈ రెండూ కలిస్తేనే నిల్వ పరికరాల మన్నిక. పంచ్ కార్డులతో మొదలై టేపులు, ఫ్లాపీలు, హార్డ్ డిస్కులు, సీడీలు, పెన్ డ్రైవులు, ఎస్ఎస్‌డీల దాకా ఈ పరికరాలు ఎన్నో తరాలు మారాయి. ప్రతి తరంలోనూ పాతదే గట్టిదన్న మాట వినిపిస్తూనే ఉంది. ఇరవై ఏళ్ల నాటి హార్డ్ డిస్కు ఇంకా తిరుగుతోందనీ, నిరుడు కొన్నది అప్పుడే పోయిందనీ రిపేరు షాపుల్లో చెప్పుకుంటారు. లెక్కలు చూస్తే ఆ మాటలో సగమే నిజం. పాత పరికరాలు ఎక్కువగానే చెడేవి. అయితే చాలావరకు కొద్దికొద్దిగా, చప్పుడు చేస్తూ చెడేవి. కొత్తవి తక్కువగా చెడతాయి. చెడినప్పుడు మాత్రం తరచు ఉన్నదంతా ఒక్కసారిగా, ఏ సూచనా లేకుండా పోతుంది.

మూడు గడువులు

ఏ నిల్వ పరికరానికైనా మూడు గడువులుంటాయి. మొదటిది రాతది. ఆ రాత టేపు మీద అయస్కాంత గుర్తుగా, సీడీలో రంగు మరకగా, ఎస్ఎస్‌డీలో బంధించిన ఎలక్ట్రాన్లుగా ఉంటుంది. రెండోది పరికరానిది. మోటారు, బేరింగులు, రబ్బరు భాగాలు, సర్క్యూట్ బోర్డు దీని కిందికి వస్తాయి. మూడోది చదివే ఏర్పాటుది. సరిపడే డ్రైవు, దాన్ని తగిలించే పోర్టు, ఫైలును అర్థం చేసుకునే సాఫ్ట్‌వేర్ అన్నీ ఉంటేనే రాత అక్షరమవుతుంది.

ఫ్లాపీ, టేపు, సీడీ వంటివాటిలో రాత ఒకచోట, యంత్రం ఒకచోట ఉంటాయి. డ్రైవు పాడైతే పక్కింటి డ్రైవులో పెట్టి చదువుకోవచ్చు. హార్డ్ డిస్కులో, ఎస్ఎస్‌డీలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. లోపలి పళ్లెం మీద రాత చెక్కుచెదరకుండా ఉన్నా, మోటారు బిగుసుకుపోతే యజమానికి అది పోయినట్టే. పాత, కొత్త పరికరాలను పోల్చేటప్పుడు ఈ మూడు గడువుల్లో దేని గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోకపోతే వాదన ఎటూ తేలదు.

కాగితం నుంచి అయస్కాంతానికి

1890లో అమెరికా జనాభా లెక్కల కోసం హెర్మన్ హోలరిత్ పంచ్ కార్డులు వాడాడు. 1928లో ఐబీఎం తెచ్చిన 80 నిలువు వరుసల కార్డు దాదాపు అర్ధ శతాబ్దం రాజ్యమేలింది. కార్డులో ఉన్నది కేవలం రంధ్రం. చెదలు పట్టకుండా, తడవకుండా చూసుకుంటే వందేళ్ల తర్వాత కూడా ఏ యంత్రం సాయమూ లేకుండా కంటితోనే చదవవచ్చు. ఆ తర్వాత వచ్చిన అయస్కాంత సాధనాలకు ఆ గుణం లేదు.

1951 నాటి యూనివాక్ కంప్యూటర్‌లో టేపు లోహంతో చేసినది. మరుసటి ఏడాది ఐబీఎం ప్లాస్టిక్ టేపు తెచ్చింది. ప్లాస్టిక్ తేలిక, చవక. అయితే అయస్కాంత పొడిని ఆ ప్లాస్టిక్‌కు అంటించే జిగురే తర్వాత దాని బలహీనత అయింది. 1970లు, 80ల నాటి టేపుల్లో చాలా వాటికి పాలియురెథేన్ జిగురు వాడారు. అది గాలిలోని తేమను పీల్చుకుని క్రమంగా విడిపోతుంది. అటువంటి టేపును డ్రైవులో పెడితే రాతను చదివే భాగమైన హెడ్‌కు అంటుకుని కీచుమంటుంది, దాని మీద గోధుమరంగు జిడ్డు వదులుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. భద్రాలయాల్లో ఇటువంటి టేపును సుమారు 50 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి ఆరబెడతారు. తేమ పోయి జిగురు కొన్ని రోజులపాటు గట్టిపడుతుంది. ఆలోపే నకలు తీసుకోవాలి.

రామాక్: కంటికి ఆనేంత గుర్తు

1956లో ఐబీఎం సాన్ హోసే ప్రయోగశాల నుంచి రామాక్ కంప్యూటర్‌తో పాటు వచ్చిన 350 డిస్కు యూనిట్ తొలి హార్డ్ డిస్కు. 24 అంగుళాల వ్యాసం ఉన్న 50 పళ్లేలు నిమిషానికి 1,200 సార్లు తిరిగేవి. అంతా కలిపితే నిల్వ 50 లక్షల అక్షరాలు. ఇప్పటి ఫోన్ కెమెరాతో తీసిన ఒక ఫొటోకు అది సరిపోయీ సరిపోనట్టు ఉంటుంది. పళ్లెం మీద ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు పూసేవారు. తిరుగుతున్న పళ్లెం మధ్యలో ఆ రంగు పోస్తే అది అంచులకు పాకి పలచని పొరగా ఆరేది.

దీని మన్నికకు కారణం ఏ మహిమా కాదు, పరిమాణం. ఒక అంగుళం పొడవులో 100 గుర్తులు, ఒక అంగుళం వెడల్పులో 20 దారులు ఉండేవి. అంటే ఒక్కో బిట్ సుమారు పావు మిల్లీమీటరు పొడవు, మిల్లీమీటరుకు పైగా వెడల్పు ఉన్న గుర్తు. బియ్యపు నూకంత అనుకోవచ్చు. హెడ్‌కూ పళ్లేనికీ మధ్య ఖాళీ సుమారు 20 మైక్రోమీటర్లు. ఆ ఖాళీ నిలవడానికి పంపుతో గాలి ఊదేవారు. ఇప్పటి డిస్కుల్లో చదరపు అంగుళానికి లక్ష కోట్ల బిట్లకు పైగా పడుతున్నాయి. అక్కడ ఒక బిట్‌కు దక్కేది సుమారు 650 చదరపు నానోమీటర్ల జాగా. హెడ్ ఎగిరే ఎత్తు ఒకటి రెండు నానోమీటర్లకు దిగింది. రామాక్ మీద పడినా ఏమీ చెయ్యని ధూళి రేణువు ఇప్పటి డిస్కు లోపల పడితే కొండరాయి అవుతుంది.

కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఔత్సాహిక ఇంజనీర్లు ఒక రామాక్ డిస్కును బాగుచేసి, అర్ధ శతాబ్దం నాటి రాతను చదవగలిగారు. పళ్లెం మీది గుర్తులు నిలిచాయి. చదివే ఎలక్ట్రానిక్స్‌ను మాత్రం కొత్తగా సమకూర్చుకోవలసి వచ్చింది.

హార్డ్ డిస్కు: బిగుసుకున్నవి, టకటకలాడినవి

1973లో ఐబీఎం 3340తో వించెస్టర్ పద్ధతి వచ్చింది. హెడ్‌లను, పళ్లేలను ఒకే మూత కింద బిగించి, డిస్కు ఆగినప్పుడు హెడ్ నేరుగా పళ్లెం మీదే వాలేలా చేశారు. అందుకోసం పళ్లేనికి పలచగా కందెన పూశారు. 1980లో షుగార్ట్ టెక్నాలజీ (తర్వాతి సీగేట్) వ్యక్తిగత కంప్యూటర్ల కోసం తెచ్చిన ఎస్‌టీ-506 సామర్థ్యం 5 మెగాబైట్లు, ధర సుమారు 1,500 డాలర్లు.

పాత డిస్కులకు ఉన్న ప్రసిద్ధ జబ్బు ఈ కందెన నుంచే వచ్చింది. చాలాకాలం ఆపి ఉంచితే నునుపైన హెడ్, నునుపైన పళ్లెం, మధ్యలో కందెన కలిసి రెండు తడి గాజు పలకల్లా అతుక్కునేవి. స్విచ్ వేస్తే మోటారు మూలుగుతుంది కానీ తిరగదు. 1990ల్లో మెకానిక్‌లు డిస్కును అరచేతిలో అడ్డంగా పట్టుకుని, మణికట్టును ఒక్క ఊపున తిప్పి ఆపేవారు. లోపల పళ్లెం చిన్న కుదుపుతో వదులయ్యేది. వెంటనే కరెంటిచ్చి, మళ్లీ ఆపకుండా, ఉన్న ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి తోడుకునేవారు. మరికొన్ని పాత డిస్కుల్లో హెడ్ కదలికను ఆపే చిన్న రబ్బరు ముక్క కాలక్రమేణా బంకలా మారి హెడ్ చేతిని పట్టేసుకుంటుంది. మూత తీసి ఆ ముక్కను తప్పిస్తే డిస్కు తిరిగి లేవడం కద్దు. ఇలా చేత్తో బాగు చేసుకోగల జబ్బులు కావడం వల్లనే పాత డిస్కులకు గట్టివన్న పేరు నిలిచింది.

తర్వాతి తరాల్లో ఈ లోపాలు తొలగాయి. ఆగినప్పుడు హెడ్‌ను పళ్లెం బయట ఉన్న ఏటవాలు మెట్టు మీదికి ఎక్కించడం మొదలైంది. గుండ్ల బేరింగుల స్థానంలో నూనె పొర మీద తిరిగే బేరింగులు వచ్చాయి. కీచు శబ్దం, అరుగుదల రెండూ తగ్గాయి. ఇంకోవైపు బిట్ చిన్నదవుతూ పోయింది. 1997లో ఐబీఎం వాడుకలోకి తెచ్చిన జెయింట్ మాగ్నెటో రెసిస్టెన్స్ హెడ్‌లు, 2005లో తోషిబా ముందుగా అమ్మిన నిలువు రికార్డింగ్ డిస్కులు, 2013 నాటి హీలియం నింపిన డిస్కులు, 2024లో సీగేట్ ప్రకటించిన లేజర్ వేడితో రాసే 30 టెరాబైట్ల డిస్కులు అన్నీ ఒకే చోట మరింత ఇరికించే ప్రయత్నాలే. బిట్‌ను అంత చిన్నగా రాస్తే తప్పులు తప్పవు. డిస్కు చదివే ప్రతిసారీ దిద్దుబాటు సంకేతాల సాయంతో ఆ తప్పులను తనే సవరించుకుంటుంది. ఆధునిక డిస్కు ఆరోగ్యమంటే తప్పులు లేకపోవడం కాదు, సవరించగలిగినంతలో ఉండడం. ఆ హద్దు దాటే దాకా వాడేవారికి ఏమీ తెలియదు.

కొత్తదనం ఒక్కోసారి నేరుగా బెడిసికొట్టింది కూడా. 2000లో వచ్చిన ఐబీఎం డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ డిస్కులు గాజు పళ్లేలతో, అప్పటికి చాలా వేగంగా ఉండేవి. అవి టకటకమంటూ వరసగా చెడిపోవడంతో వినియోగదారులు 2001లో కోర్టుకెక్కారు. వాటికి డెత్‌స్టార్ అన్న మారుపేరు పడింది. అంతకుముందు అయోమెగా జిప్ డ్రైవుదీ ఇలాంటి కథే. 1994లో 100 మెగాబైట్ల డిస్కులతో వచ్చి ఫ్లాపీని తరిమేస్తుందనిపించింది. కొన్ని డ్రైవుల్లో హెడ్ దెబ్బతిని, పెట్టిన డిస్కునూ పాడుచేసేది. ఆ డిస్కును మంచి డ్రైవులో పెడితే దాని హెడ్ కూడా దెబ్బతినేది. అంటువ్యాధిలా పాకిన ఈ జబ్బు మీద 1998లో దావా పడింది. ఇవన్నీ ఇప్పుడు మనం పాతవి అంటున్న పరికరాలే.

వేలల్లో లెక్కపెట్టినప్పుడు

ఒక ఇంటి అనుభవం ఒక డిస్కు అనుభవమే. లక్షల్లో లెక్క 2007లో బయటికొచ్చింది. ఆ ఏడాది నిల్వ సాంకేతికతల మీద జరిగే ఫాస్ట్ సదస్సులో రెండు పరిశోధనలు వెలువడ్డాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ సుమారు లక్ష డిస్కుల రికార్డులు చూశారు. తయారీదారుల పత్రాల్లో సగటున 10 లక్షల నుంచి 15 లక్షల గంటలకు ఒకసారి చెడుతుందని ఉంటుంది. దాని ప్రకారం ఏడాదిలో మార్చవలసినవి 0.88 శాతం మించకూడదు. వాస్తవంలో 2 నుంచి 4 శాతం మామూలుగా కనిపించింది. కొన్నిచోట్ల 13 శాతం దాకా పోయింది. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి, చెడిన డిస్కుల్లో సగానికి పైగా వాటిలో స్మార్ట్ అనే స్వీయ హెచ్చరిక వ్యవస్థ ప్రధాన సంకేతాలేవీ ఇవ్వలేదని తేల్చారు. వేడి, వాడకం కూడా అందరూ అనుకున్నంత ప్రభావం చూపలేదు.

బ్యాకప్ సేవల సంస్థ బ్యాక్‌బ్లేజ్ 2013 నుంచి తన డిస్కుల లెక్కలు ప్రచురిస్తోంది. నమూనాకూ నమూనాకూ ఎంత తేడా ఉంటుందో అందులో కనిపిస్తుంది. 2011లో థాయ్‌లాండ్ వరదలతో కర్మాగారాలు మునిగి డిస్కుల కొరత వచ్చింది. ఆ తర్వాతి కాలంలో కొన్న సీగేట్ 3 టెరాబైట్ల నమూనా ఒకటి 2014లో ఏడాదికి 40 శాతానికి పైగా చెడింది. అదే సంస్థ దగ్గర 2024లో సుమారు 3 లక్షల డిస్కుల మీద వార్షిక వైఫల్యం 1.57 శాతం. కాబట్టి పాతదా కొత్తదా అన్న ప్రశ్న కంటే ఏ నమూనా, ఏ విడత అన్న ప్రశ్నకే బరువెక్కువ. మొత్తం మీద చూస్తే ఇప్పటి డిస్కులు ముందుతరం కన్నా మెరుగే.

మరి పాతదే గట్టిదన్న నమ్మకం ఎలా నిలిచింది? అటక మీద ఉన్న తాతల నాటి ఇత్తడి బిందెను చూసి అప్పటి సామాన్లన్నీ అంతే అనుకుంటాం. అదే కాలంలో పగిలిన కుండలు, చిల్లిపడిన గిన్నెలు పాత సామాన్ల బండిలో ఎప్పుడో వెళ్లిపోయాయి. ఇప్పటికీ తిరుగుతున్న 1990ల డిస్కు ఆ బిందె లాంటిది. దానితో పాటు అమ్ముడైనవాటిలో చాలావాటిని చెత్తలో పడేశారన్నది ఎవరి కళ్ల ముందూ ఉండదు. ధర కూడా కొంత కారణమే. మెగాబైట్‌కు వందల డాలర్లు పెట్టి కొన్న డిస్కుకు ఏసీ గది, నిర్వహణ ఇంజనీరు ఉండేవి. ఇప్పటి పోర్టబుల్ డిస్కు బండి డిక్కీలో, బ్యాగు అడుగున ప్రయాణిస్తుంది.

ఫ్లాపీ

1971లో ఐబీఎం 8 అంగుళాల ఫ్లాపీని తెచ్చింది. 1976లో షుగార్ట్ 5.25 అంగుళాలది, 1980ల ఆరంభంలో సోనీ 3.5 అంగుళాలది వచ్చాయి. ఫ్లాపీలో హెడ్ నేరుగా డిస్కును తాకుతుంది, కాబట్టి వాడకొద్దీ అరుగుతుంది. తేమ తగిలితే పొర మీద బూజు పడుతుంది. బూజు పట్టిన ఒక్క ఫ్లాపీ చాలు, డ్రైవు హెడ్‌కు మసి పూసి తర్వాత పెట్టినవాటిని కూడా గీకేస్తుంది.

అయినా తొలితరం తక్కువ సాంద్రత ఫ్లాపీలు, 1.44 మెగాబైట్ల రకం కంటే బాగా నిలిచాయని పాత కంప్యూటర్లు బాగుచేసేవారు చెబుతారు. కారణం మళ్లీ పరిమాణమే. గుర్తు పెద్దది, దారి వెడల్పు. పైగా ఒక సెక్టారు పోతే ఒక ఫైలు పోయేది, మిగతావి చదవగలిగేవారు.

ఫ్లాపీ గడువు తీరింది బూజు వల్ల కాదు, మార్కెట్ వల్ల. సోనీ 2011 మార్చిలో జపాన్‌లో అమ్మకాలు ఆపింది. అమెరికా అణ్వాయుధ దళాల సమాచార వ్యవస్థ 2019 దాకా 8 అంగుళాల ఫ్లాపీల మీదే నడిచింది. జపాన్ ప్రభుత్వ నిబంధనల్లో ఫ్లాపీలోనే దాఖలు చేయాలన్న షరతులు వెయ్యికి పైగా ఉండేవి. డిజిటల్ మంత్రి తారో కోనో పట్టుబట్టడంతో 2024 మధ్యకు వాటిని తొలగించారు.

సీడీ: మెరిసే వైపు కాదు, రాసే వైపు

సీడీ 1982లో పాటల కోసం వచ్చింది. కర్మాగారంలో అచ్చు వేసిన సీడీలో గుంటలు ప్లాస్టిక్‌లోనే ఉంటాయి. ఇంట్లో రాసుకునే సీడీలో గుంటలు ఉండవు, లేజర్‌తో కాలిన రంగు మచ్చలుంటాయి. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది. ఏ రకం రంగు, ఏ పూత అన్నదాన్ని బట్టి ఒక సీడీ కొన్నేళ్లకే పోతే, ఇంకొకటి రెండు దశాబ్దాలు దాటుతుంది.

సీడీని అందరూ మెరిసే వైపు గీతలు పడకుండా కాపాడుతారు. నిజానికి ఆ వైపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కవచం ఉంది. రాత ఉన్న పొర పేరు రాసే వైపే, పలుచని వార్నిష్ కిందే ఉంటుంది. బాల్‌పెన్నుతో నొక్కి పెళ్లి తేదీ రాస్తే, ఆ ఒత్తిడి నేరుగా పెళ్లి వీడియో మీదే పడుతుంది. అతికించిన కాగితం లేబుల్ పీకితే వెండి పొర దానితో పాటు ఊడివస్తుంది. డీవీడీలో రెండు పలకల మధ్య రాత పొరను ఇమిడ్చారు కాబట్టి ఈ బెడద తగ్గింది.

ఫ్లాష్: ఎలక్ట్రాన్లను బంధించడం

పెన్ డ్రైవు, మెమరీ కార్డు, ఎస్ఎస్‌డీ మూడింటికీ ఆధారం ఫ్లాష్ మెమరీ. తోషిబాలో ఫుజియో మసుఓకా 1980ల్లో దీన్ని రూపొందించాడు. కదిలే భాగాలు లేవు, కింద పడినా భయం లేదు. చిప్‌లోని ప్రతి గడిలో కొన్ని ఎలక్ట్రాన్లను బంధించి, ఆవేశం ఎంత ఉందన్నదాన్ని బట్టి బిట్‌ను గుర్తిస్తారు. రాసిన ప్రతిసారీ గడి గోడ కొంచెం అరుగుతుంది.

తొలితరం ఫ్లాష్‌లో గడికి ఒక బిట్. ఆవేశం ఉందా లేదా అని రెండు మెట్లు చూస్తే చాలు. సుమారు లక్షసార్లు రాసి చెరపవచ్చు. రెండు బిట్లకు నాలుగు మెట్లు, మూడు బిట్లకు ఎనిమిది, నాలుగు బిట్లకు పదహారు మెట్లు కావాలి. మెట్లు పెరిగేకొద్దీ ఒక మెట్టుకూ మరో మెట్టుకూ తేడా తగ్గుతుంది, రాయగల సంఖ్య వేలకు, ఆపైన వెయ్యి దరిదాపులకు పడిపోతుంది. ఇక్కడ మాత్రం పాతదే గట్టిదన్న మాట అక్షరాలా నిజం. 2013లో శాంసంగ్ గడులను నిలువుగా పేర్చడం మొదలుపెట్టాక గడి మళ్లీ పెద్దదై ఆ నష్టం కొంత పూడింది.

ఎస్ఎస్‌డీ గురించి చాలామందికి తెలియని సంగతి, కరెంటు లేకుండా ఉంచితే రాత నెమ్మదిగా కారిపోతుందన్నది. పరిశ్రమ ప్రమాణాలు రూపొందించే జెడెక్ నిబంధన ప్రకారం, రాత గడువంతా అయిపోయిన మామూలు ఎస్ఎస్‌డీ 30 డిగ్రీల సెల్సియస్‌లో కరెంటు లేకుండా ఒక ఏడాది రాతను నిలపాలి. సర్వర్లకు వాడే రకం 40 డిగ్రీల్లో మూడు నెలలు నిలిపితే చాలు. కొత్త ఎస్ఎస్‌డీ ఇంతకన్నా చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది. కానీ వేడి పెరిగితే గడువు తగ్గుతుందన్నది మాత్రం ఖాయం. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో ఏసీ లేని గది బీరువాలో ఏళ్ల తరబడి పెట్టి మరిచిపోవడానికి ఎస్ఎస్‌డీ తగిన వస్తువు కాదు.

2016లో గూగుల్ డేటా సెంటర్ల ఎస్ఎస్‌డీల మీద వచ్చిన పరిశోధన రెండు వైపులనూ చూపింది. నాలుగేళ్లలో మార్చవలసి వచ్చినవి 4 నుంచి 10 శాతమే, అంటే హార్డ్ డిస్కుల కన్నా మెరుగు. అయితే 20 నుంచి 63 శాతం డ్రైవుల్లో అదే కాలంలో సరిదిద్దలేని తప్పు కనీసం ఒకటి కనిపించింది. పరికరం నిక్షేపంగా పనిచేస్తూనే ఒక ముక్కను పోగొట్టుకుంటుందన్నమాట.

ఇంకో ప్రమాదం ఫర్మ్‌వేర్‌ది, అంటే పరికరం లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ది. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ తన సర్వర్లలోని కొన్ని ఎస్ఎస్‌డీల గురించి హెచ్చరిక జారీ చేసింది. అవి సరిగ్గా 32,768 గంటలు, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు పనిచేశాక ఆగిపోతాయి, రాత తిరిగి రాదు. రెండును పదిహేనుసార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్య 32,768. గంటల లెక్క దాన్ని చేరగానే డ్రైవు తెలివి తప్పుతుంది. ఒకే రోజు బిగించిన డ్రైవులు ఒకే గంటకు పోతాయి కాబట్టి, పక్కనున్న డ్రైవులో ఉంచుకున్న నకలూ వాటితోనే పోతుంది. ఏ బేరింగూ, ఏ జిగురూ ఇంత కచ్చితంగా చెడలేదు.

పాత టేపు తిరిగి రావడం

చచ్చిపోయిందనుకున్న టేపు పెద్ద సంస్థల దగ్గర ఇంకా బతికే ఉంది. 2000లో 100 గిగాబైట్లతో మొదలైన ఎల్‌టీఓ అనే రకం టేపు 2021 నాటి తొమ్మిదో తరానికి 18 టెరాబైట్లకు చేరింది. చల్లని, పొడి గదిలో 30 ఏళ్లు నిలుస్తుందని తయారీదారులు చెబుతారు. టేపుకు ఉన్న అసలు బలం వేరే. అరలో ఉన్న టేపును ఏ సాఫ్ట్‌వేర్ లోపమూ చెరపలేదు. 2011 ఫిబ్రవరిలో ఒక లోపం వల్ల అతి స్వల్ప శాతం జీమెయిల్ ఖాతాల ఉత్తరాలు పలు డేటా సెంటర్లలోని నకళ్లతో సహా మాయమయ్యాయి. గూగుల్ వాటిని టేపుల నుంచే తిరిగి తెచ్చింది.

టేపుకు శత్రువు తరం మార్పు. ఏడో తరం దాకా ఎల్‌టీఓ డ్రైవు రెండు తరాల వెనకటి టేపును చదివేది. ఎనిమిదో తరం ఒక తరం వెనక్కి మాత్రమే చదువుతుంది. టేపు 30 ఏళ్లు నిలిచినా, దాన్ని చదివే డ్రైవు అంతకాలం దొరుకుతుందన్న భరోసా లేదు.

రాత ఉంది, చదివే యంత్రం లేదు

ఈ మూడో గడువుకు రెండు ఉదాహరణలు ప్రసిద్ధం. 1086లో ఇంగ్లండ్ రాజు విలియం తయారు చేయించిన డోమ్స్‌డే భూమి లెక్కల పుస్తకం లండన్‌లో ఇప్పటికీ చదవగలిగే స్థితిలో ఉంది. దాని 900 ఏళ్ల సందర్భంగా 1986లో బీబీసీ దేశమంతటి ఫొటోలు, వివరాలు సేకరించి ప్రత్యేక లేజర్ డిస్కుల మీద పెట్టింది. పదిహేనేళ్లు తిరక్కముందే ఆ డిస్కులు ఆడే యంత్రాలు అరుదయ్యాయి. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పాత కంప్యూటర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్ రాసి 2002లో దాన్ని తిరిగి తెరిచారు. 2011లో దాన్ని వెబ్‌సైట్‌గా పెట్టారు. ఆ వెబ్‌సైట్ కూడా 2018లో మూతపడి, నకలు బ్రిటన్ జాతీయ భద్రాలయానికి చేరింది.

రెండోది చంద్రుడి కథ. 1966, 67 సంవత్సరాల్లో నాసా లూనార్ ఆర్బిటర్ నౌకలు పంపిన చిత్రాల మూల టేపులు సుమారు 1,500 మిగిలాయి. వాటిని చదివే యాంపెక్స్ ఎఫ్‌ఆర్-900 డ్రైవులను నాన్సీ ఎవాన్స్ అనే నాసా అధికారిణి తన ఇంటి గ్యారేజీలో ఏళ్లపాటు దాచింది. తర్వాత ఒక బృందం కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ ఆవరణలో మూతపడిన మెక్‌డొనాల్డ్స్ హోటల్ గదిలో ఆ డ్రైవులకు ప్రాణం పోసి, చంద్రుడి అంచు మీద ఉదయిస్తున్న భూమి చిత్రాన్ని 2008లో మునుపెన్నడూ లేనంత స్పష్టంగా బయటికి తీసింది. అపోలో 11 మూల టేపులకు ఆ అదృష్టం పట్టలేదు. టేపుల కొరత వచ్చినప్పుడు వాటిని చెరిపి తిరిగి వాడేశారని నాసా 2009లో తేల్చింది.

నకలు తీసే పద్ధతి

1988లో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ కలిసి రెయిడ్ పద్ధతిని ప్రతిపాదించారు. ఖరీదైన గట్టి డిస్కు ఒకటి కొనడం కంటే, చెడతాయని ముందే ఒప్పుకుని చవక డిస్కులు చాలా పెట్టుకోవడం మేలన్నది దాని సారం. డేటా సెంటర్లు నేటికీ దాన్నే పాటిస్తున్నాయి. రాతను అప్పుడప్పుడు పూర్తిగా చదివి, నకళ్లతో పోల్చి, తేడా వస్తే సరిదిద్దుతాయి. ఇళ్లకు, చిన్న కార్యాలయాలకు చెప్పే సూత్రం 3-2-1. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో.

తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు. తేమకు, పురుగుకు లోనయ్యే తాటాకు మీద నన్నయ భారతం 11వ శతాబ్దం నుంచి ఇప్పటిదాకా వచ్చిందంటే, ఆకు గట్టితనం వల్ల రాలేదు, తరతరాల లేఖకులు తిరగరాయడం వల్ల వచ్చింది. 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడప బంగళాలో పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి పలు తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి, దిద్దిన ప్రతులు కాగితం మీద రాయించాడు. దీనికి పూర్తి భిన్నమైన దారి తాళ్లపాక వారిది. అన్నమయ్య కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. నాలుగు శతాబ్దాల తర్వాత అవి వెలుగులోకి వచ్చినప్పుడు చదవడానికి తెలుగు లిపి తెలిస్తే చాలింది. రాగిరేకుకు డ్రైవు అక్కర్లేదు. అలాంటి మాధ్యమం దొరకనివారికి బ్రౌన్ దారే దిక్కు.

ఇటీవలి ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా వేలాది పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. తర్వాత ఆ వెబ్‌సైట్ పాఠకులకు అందకుండా పోయింది. నేడు ఆ తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తెరుచుకుంటున్నాయి. మొదటి సర్వర్ ఆగకముందే ఎవరో వాటికి నకళ్లు తీసి అక్కడ పెట్టారు.